ఒక కాజా కుట్టేంత తిండి

ప్రొద్దుటూరులో ఆదినారాయణ శెట్టి బట్టల అంగడి అరుగు మీద సముద్రపు చేపలు ఆరేళ్లు బతికాయంటే, అది శెట్టి తల్లి గోవిందమ్మ గారు వేసిన బొరుగుల పుణ్యమేనని ఇప్పటికీ చెప్పేవాళ్లు ఉన్నారు. మొన్న ఒక పెళ్లిలో నా పక్క విస్తరి ముందు కూర్చున్న పెద్దమనిషి ఇదే మాట అన్నాడు. నేను చేతిలో ముద్ద విస్తట్లో పెట్టేశాను. అది పచ్చి అబద్ధం. ఆ అంగట్లో పద్దెనిమిదేళ్లు గుమాస్తాగా ఉన్నవాణ్ని, ఆ చేపల పెట్టెను బండి మీంచి దించినవాణ్ని, వాటిలో ఒకదాన్ని చేజేతులా చంపినవాణ్ని చెబుతున్నాను. బొరుగులు వాటిని చంపాయి. బతికించింది పీరాంబీ.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు వేసవి అది. మా అంగడికి ఎదురుగా కొత్త బట్టల కొట్టు ఒకటి తెరిచి, వాకిట్లో నిలువుటద్దం, లోపల రేడియో పెట్టారు. పెళ్లి బట్టలకని జమ్మలమడుగు నుంచీ పులివెందుల నుంచీ బండ్లు కట్టుకొని వచ్చే జనం, మా గుమ్మం దాకా వచ్చి, అద్దంలో మొహం చూసుకోవడానికి అటు తిరిగేవారు. శెట్టికి కడుపు మండింది. మద్రాసుకు సరుకు కోసం పోయినప్పుడు ఒక వ్యాపారి దగ్గర అద్దాల తొట్టి, తొమ్మిది సముద్రపు చేపలు కొనుక్కొచ్చాడు. నాలుగు నారింజ రంగువి, ఒంటి మీద తెల్ల పట్టీలు. నాలుగు బొటనవేలంత నీలంవి. ఒకటి అరచేతి వెడల్పున పసుపుపచ్చది. వాటి వెంట సముద్రపు నీళ్లు పెద్ద పెద్ద గాజు జాడీల్లో రైలెక్కి, ఎర్రగుంట్లలో దిగి, ఎద్దుల బండ్ల మీద ప్రొద్దుటూరు చేరాయి. నీళ్లలోకి గాలి ఊదే చిన్న కరెంటు మిషను కూడా వచ్చింది. చేపలకు ఏం పెట్టాలో మాత్రం అమ్మినవాడు చెప్పలేదు, కొన్నవాడు అడగలేదు.

అడగవలసిన అవసరం ఉందని మాకెవరికీ తోచలేదు. మా వైపు నీళ్లలో చేప కనబడితే బొరుగులు చల్లుతారు. పెన్నలో మునిగి లేచినవాళ్లు తలైనా తుడుచుకోకముందే చేపలకు దోసెడు వేసి దణ్ణం పెట్టుకుంటారు. గోవిందమ్మ గారు అంగడి లోపల పెట్టిన ఆ తొట్టి పక్కన బుట్టెడు బొరుగులు పెట్టించారు. వచ్చినవాడల్లా ఒక పిడికెడు చల్లి, పుణ్యం కట్టుకొని, చీరలు బేరమాడేవాడు. ఒకరోజు ఆమె ఇంట్లో మిగిలిన బొరుగుల ఉగ్గాని కూడా వేశారు. నీళ్ల మీద పసుపు, నూనె తెట్టె కట్టాయి. వారం తిరక్కుండానే రెండు నారింజ చేపలు వెల్లకిలా తేలాయి. సముద్రం మీద బెంగ పెట్టుకున్నాయని అందరం జాలిపడ్డాం.

అంగడి అరుగు మీద ఒక మూల దర్జీ అమీర్ బాషా కుట్టుమిషను ఉండేది. అతను కుట్టిన చొక్కాలకు గుండీల కాజాలు కుట్టేది పీరాంబీ. ఒక చిన్న పీట, ఒక సూది, దారపుండ, అంతే ఆమె ఆస్తి. అప్పటికి నలభై దాటాయి. పుట్టిల్లు పులివెందుల. ఆమె మగడు మద్రాసులో ఒక దొర బంగళాలో వంటవాడు. ఆ దొరకు సముద్రపు చేపలంటే పిచ్చి. వాటికి తిండి తరిగి పెట్టే పని పీరాంబీ పదకొండేళ్లు చేసింది. స్వాతంత్ర్యం వచ్చి దొర తన దేశం పోయాడు, మరుసటి ఏడే మగడు కన్నుమూశాడు. బిడ్డలు లేరు. వచ్చి ప్రొద్దుటూరులో సూది పట్టుకుంది. ఇదంతా మాకు తర్వాత తెలిసింది. అప్పటిదాకా ఆమె ఎవరో మేము అడిగిన పాపాన పోలేదు.

రెండో చేప తేలిన రోజు ఆమె సూది ఆపకుండా శెట్టితో అంది.

"ఆ బొరుగుల బుట్ట ఆడి నుంచి తీసేయప్పా."

"ఎందుకు?"

"అవి తినే చస్తాండాయి చేపలు. సముద్రంలో మడి కట్టి వరి పండించుకోని తింటాండాయా అవి?"

శెట్టి నవ్వాడు. "చేపల సంగతి నీకేం తెలుసు మే?"

"పదకొండేండ్లు ఈ చేత్తోనే పెట్టినా. రొయ్య, నత్త, ఎర్రలు, ఆకు. దినానికొకటి మార్చి మార్చి పెట్టాలా. ఒక్కటే పెడితే పసిబిడ్డ గూడా ఎదగదు, చేప ఎట్ల ఎదుగుతాది?"

శెట్టి చెవులు మూసుకున్నాడు. "అంగట్లోకి నీచు రాకూడదు. లోపల లక్ష్మీదేవి పటముండాది."

"చేప సముద్రంలో పుట్టింది. నీ అంగట్లోకొచ్చిందని శెట్టి అవుతాదా?"

అమీర్ బాషా మిషను ఆగిపోయింది. శెట్టి ముందు అట్లా మాట్లాడినవాళ్లను నేను చూడలేదు. ఆమె పీట ఆ పూటతో సరి అనుకున్నాను. కానీ శెట్టి వ్యాపారి. రెండు చేపలు పోయాయి, ఏడు మిగిలాయి, ఎదుటి కొట్టులో రేడియో పాడుతూనే ఉంది.

"అంగట్లోకి తేను," అంది పీరాంబీ, అతను ఆలోచనలో పడడం చూసి. "తొట్టినే అరుగు మీదికి తెప్పియ్యి. అరుగు మీద సాయిబు కూచోవచ్చుగానీ రొయ్య కూచోగూడదా?"

"సరే. ఏడుండాయి. శ్రావణ పున్నమికి ఏడూ ఉంటే నీ మాట నిజమంటా. ఒకటి తగ్గితే?"

"ఒక్కటి చచ్చినా నా పీట నేనే ఎత్తుకోని పోతా. మల్లా ఈ అరుగెక్కను."

నాకు ఆమె మీద కోపమే వచ్చింది. ఆ పీట పోతే ఆమెకు కూడు లేదు. ఆడమనిషికి అరుగు మీద చోటిచ్చే దర్జీ ప్రొద్దుటూరులో అమీర్ బాషా ఒక్కడే. ఆ సంగతి ఆమెకు తెలుసు, శెట్టికీ తెలుసు. అయినా ఎవరూ మాట వెనక్కి తీసుకోలేదు. నలుగురం పట్టి తొట్టిని అరుగు అంచుకు మార్చాం.

మరునాటి నుంచి నేను చూసిన వైభోగం చెబుతాను. ఆమె చెల్లెలు మైమూన్ జమ్మలమడుగులో ఉండేది. మైమూన్ మగడు పెన్నలో వల వేసేవాడు. చిన్న రొయ్యలు, నత్తలు తడిగుడ్డలో చుట్టి పొద్దుటి బస్సు డ్రైవరుకు ఇచ్చి పంపేవాడు. పీరాంబీ వాటిని ఇంట్లో కడిగి, వేడినీళ్లలో ముంచి తీసి, పెంకు ఒలిచి, మూత గిన్నెలో అరుగు మీదికి తెచ్చి తరిగేది. నీలం చేపలకు ఆవగింజంత ముక్కలు, నారింజ చేపలకు సగం బియ్యపు గింజంత. "నోరెంతో ముద్దంతే" అనేది. పసుపు చేప ఆకుతిండిది. దానికి పాలకూర వేడినీళ్లలో వాడ్చి, కాజా దారంతో రాయికి కట్టి అడుగున దించేది. అది రోజంతా ఆ ఆకు చుట్టూ తిరిగి కొరుక్కునేది. ఒకరోజు రొయ్య, ఒకరోజు నత్త, ఒకరోజు మన్ను పోయేలా కడిగిన ఎర్రలు. ఆకు మాత్రం రోజూ.

అన్నిటికన్నా నాకు వింతగా తోచింది ఆమె కొలత. ముక్కలు వేసి, చొక్కా చేతికి తీసుకొని ఒక కాజా కుట్టేది. ఆ కాజా ముగిసేలోపు చేపలు తిన్నదే వాటి తిండి. మిగిలిన ముక్కను రబ్బరు గొట్టంతో పీల్చి పారేసేది. పొద్దున ఒక కాజా, సాయంత్రం ఒక కాజా.

"రోంత ఎక్కువ పెట్టరాదా, పాపం," అన్నాను నేను.

"ఎక్కువైంది నీళ్లలో కుళ్లుతాది గుమాస్తప్పా. అవి తాగేదీ ఆ నీళ్లే, ఉండేదీ ఆ నీళ్లే. నువ్వు తిన్న విస్తరి మీదనే నిన్ను పండబెడితే ఎట్లుంటాది?"

వారానికొక రోజు తిండి పూర్తిగా మానిపించేది. దొర దగ్గర నేర్చిన పద్ధతి అది. ఆ రోజును తెలివిగా శనివారానికి పెట్టింది. గోవిందమ్మ గారు శనివారం ఒక్కపొద్దు ఉంటారు. చేపలు కూడా ఉంటున్నాయని విని మురిసిపోయారు. కర్ర పొడుచుకుంటూ అరుగు మీదికి వచ్చి, తరిగే గిన్నె వైపు చూడకుండా చేపల వైపు మాత్రమే చూసి పోయేవారు. చేపల రంగు తేలింది. నారింజ చేపల పట్టీలు సున్నం కొట్టినంత తెల్లగా మెరిశాయి. ఎదుటి కొట్టు అద్దం ముందు నిలబడ్డవాళ్లు కూడా అద్దంలో మా చేపలనే చూశారు.

శ్రావణమాసం వచ్చేసరికి శెట్టికి భయం పట్టుకుంది. "నోముల నెల. ఈ నెల మటుకు ఆకులే పెట్టు," అన్నాడు.

"నోము పట్టింది మీ ఆడోళ్లు. చేపలు పట్టలేదు," అంది ఆమె. రొయ్య తరుగుతూనే ఉంది. శెట్టి పళ్లు కొరికి లోపలికి పోయాడు. పందెం ముగియడానికి ఎన్ని రోజులున్నాయో నన్ను అడిగాడు. పదకొండు అన్నాను.

పున్నమి శనివారం. దానికి ముందు బుధవారం పులివెందులలో పీరాంబీ మేనమామ పోయాడని కబురొచ్చింది. పోక తప్పదు. బస్సుకు పోతూ నా బల్ల దగ్గరికి వచ్చింది.

"శనివారం పొద్దున వస్తా. అంతదాకా ఏమీ పెట్టాకు. మూడు దినాలు ఉపాసముంటే చావవు. నువ్వు పెడితే చస్తాయి. ఎవరినీ పెట్టనియ్యాకు. నా పీట నీ చేతిలో పెట్టి పోతాండా గుమాస్తప్పా."

నేను తల ఊపాను. ఆ తల ఊపడం తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. పూజ ముగించుకొని గోవిందమ్మ గారు బొబ్బట్ల పళ్లెంతో వచ్చారు. చేపలు రెండు రోజులుగా తిండి లేకుండా ఉన్నాయని విని ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. పండగ పూట గడపలో ఉన్న నోరు ఏదీ ఎండకూడదన్నది ఆమె నియమం. "ప్రసాదం రా. దీంట్లో నీచు లేదు గదా, రోంత వెయ్యి," అని రెండు బొబ్బట్లు నా చేతిలో పెట్టి లోపలికి పోయారు.

ఆమె రోంత అన్నారు. నేను రెండూ నలిపి వేశాను. మాది సేద్యగాళ్ల ఇల్లు కాకపోయినా, ఊరికి పోయేటప్పుడు ఎద్దుల ముందు మూడు రోజుల చొప్ప ఒకేసారి వేసి పోవడం చూసి పెరిగినవాణ్ని. రెండు రోజుల బాకీ తీరాలి, మరునాటికీ మిగలాలి అనుకున్నాను. ఎద్దు కావలసినంత తిని మిగిలింది కాళ్ల కింద తొక్కుతుంది. చేప ఆ మిగిలినదాంట్లోనే ఊపిరి పీల్చాలని నాకు పీరాంబీ చెప్పలేదా? చెప్పింది. అయినా పెద్దావిడ మాట, పండగ పూట, ప్రసాదం. ఎన్ని సాకులైనా చెప్పుకోవచ్చు.

శనివారం పొద్దున తొట్టి కుడితి తొట్టిలా ఉంది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఒక నీలం చేప వెల్లకిలా తేలింది. బస్సు దిగి నేరుగా వచ్చిన పీరాంబీ మూట కింద పడేసి, గోదాములో మిగిలిన సముద్రపు నీళ్ల జాడీలు తెమ్మని అరిచింది. మురికి నీళ్లు సగం తోడేసి, కొత్త నీళ్లు చెంబుతో సన్నగా పోస్తూ మధ్యాహ్నం దాకా నిలబడింది. ఆరు దక్కాయి. అప్పుడు దోసిట్లో ఆ పాత నీళ్లు తీసుకొని వాసన చూసింది.

"ఏం పెడితివి గుమాస్తప్పా?"

శెట్టి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ఏమీ పెట్టలేదే," అన్నాను.

"ఏలక్కాయ వాసనొస్తాంది. సముద్రంలో ఏలక్కాయ పండుతాదా?"

శెట్టి నా మొహం చూశాడు, ఆమె మొహం చూశాడు. ఆయనకు సగం అర్థమైందనే నా నమ్మకం. కానీ గెలిచిన పందేన్ని ఎవడు వదులుకుంటాడు? "ఒక్కటి చచ్చినా అన్నది నువ్వే పీరాంబీ," అన్నాడు.

ఆమె నావైపు ఇంకొక్కసారి చూసింది. నేను చెబుతానని చూసింది. తర్వాత పీట చంకన పెట్టుకుంది.

"నేనే అన్నా. పోతాండా. పందెం ఓడింది నేను. చేపలు ఓడలేదు. వాటి తిండి మాననియ్యను."

అరుగు దిగి రోడ్డు మీద నిలబడింది. మరునాడు పొద్దున మళ్లీ వచ్చింది. మూత గిన్నె తెచ్చింది. రోడ్డు మీద నిలబడే, అరుగు అంచున ఉన్న తొట్టిలోకి చెయ్యి చాపి ముక్కలు వేసింది. అమీర్ బాషా మాట్లాడకుండా ఒక చొక్కా కిందికి అందించాడు. ఆమె నిలబడే ఒక కాజా కుట్టి, మిగిలినది గొట్టంతో పీల్చి పారేసింది. ఆ తర్వాత అక్కణ్నుంచి కదల్లేదు. చొక్కా భుజాన వేసుకొని సాయంత్రం దాకా నిలబడే కాజాలు కుట్టింది.

"ఇంక నీకేం పని ఈడ?" అన్నాడు శెట్టి రెండో రోజు.

"అరుగు నీది. నేను ఎక్కలేదు. బాట మునిసిపాలిటీది. నీది గాదప్పా."

పదహారు రోజులు అట్లా నిలబడింది. పాదాలు వాచాయి. బండ్లు తప్పుకొని పోయాయి. వచ్చేపోయేవాళ్లు ఎందుకని అడిగితే, "చేపలకు పెడతాండా" అనేది తప్ప ఇంకొక్క మాట అనేది కాదు. నా పేరు ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు తేలికయ్యేది. బల్ల ముందు కూర్చొని నేను చిట్టా రాస్తుంటే ఎదురుగా ఆమె కాళ్లే కనబడేవి.

పదహారో రోజు వాన పడింది. తలమీద గోనెపట్టా కప్పుకొని నిలబడింది ఆమె, తొట్టిలో వాన నీళ్లు పడకుండా దాని మీద ఇంకో పట్టా కప్పి. గోవిందమ్మ గారు కిటికీలోంచి చూసి నన్ను పిలిచారు. "ఆయమ్మి ఎందుకురా అట్ల తడుస్తాంది? లోపలికి రమ్మను."

నాకు ఇంక చాతకాలేదు. "ఎక్కదవ్వా," అన్నాను. "ఆ చేపను చంపింది మన బొబ్బట్లు. నువ్వు రోంత వెయ్యమన్నావు. నేను రెండూ వేసినా. అడిగితే పెట్టలేదని చెప్పినా."

ఆమె కర్ర అందుకొని వానలోనే అరుగు మీదికి నడిచారు. పుట్టి బుద్ధెరిగాక నీచు వైపు కన్నెత్తి చూడని మనిషి, ఆ రొయ్యల గిన్నె పక్కనే నిలబడి కొడుకును కేకేశారు.

"చేపను చంపింది నేను పంపిన ప్రసాదం. పందెం ఆయమ్మి ఓడలా. పీట వేయించు."

"వేసుకోమ్మా," అన్నాడు శెట్టి, నేల చూస్తూ.

పీరాంబీ రోడ్డు మీంచి కదల్లేదు. "అవ్వా, నువ్వు చెప్తే సాలదు. నువ్వు దయతో పెట్టమన్నావు. అబద్ధం చెప్పినోడు చెప్పాలా. ఈడనే, బాట మీద, నలుగురిలో."

నేను అరుగు దిగాను. వానకు అరుగుల కింద చేరిన జనమంతా చూస్తున్నారు. ఎదుటి కొట్టువాళ్లు రేడియో తగ్గించారు. "నేనే వేసినా," అన్నాను. "వద్దని చెప్పి పోయింది. అయినా వేసినా. అబద్ధమాడినా."

ఆమె గోనెపట్టా తల మీంచి తీసింది. "ఈ ఒక్క మాటకు పదహారు దినాలు పట్టింది గుమాస్తప్పా నీకు. చేపనైతే మూడు దినాలు ఉపాసముంచొచ్చు. మనిషిని ఇన్ని దినాలు నిలబెడతారా?"

పీట ఆమె ఇంట్లో ఉంది. నేనే పోయి తెచ్చి వేశాను. ఆమె కూర్చోలేదు. మూత గిన్నె, కత్తి నా ముందు పెట్టింది.

"రేపటి నుంచి నువ్వు తరుగు. నేను ఊళ్లో లేని దినం చేపలకు ఎవడో ఒకడు ఉండాలా. తెలిసినోడైతేనే తప్పు చెయ్యడు."

మా ఇంట్లో కోడిగుడ్డు పేరు కూడా ఎత్తరు. నా భార్య పది రోజులు నాకు వేరే చెంబు పెట్టింది. అయినా తరిగాను. మొదటిరోజు ముక్కలన్నీ వంకరే, మూడో రోజుకు సమంగా వచ్చాయి. ఆరో నెలకు నేను తరిగినవి చూసి పీరాంబీ ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడమే మెప్పు. ఆరేళ్లు తరిగాను. అన్నిటికన్నా చివర పసుపు చేప పోయింది, వయసు మీద పడి. పోయిన రోజు కూడా దాని ముందు ఆకు కట్టి ఉంది.

ఇదంతా మొన్న పెళ్లిలో ఆ పెద్దమనిషికి చెప్పాను. "బొరుగులు కాదు సామీ. రొయ్యలు, నత్తలు, ఎర్రలు. తరగడం నేర్పింది పీరాంబీ, తరిగింది ఈ చేతులు," అని కుడిచెయ్యి చూపించాను. అన్నం కలుపుతున్న చెయ్యే. అతను తన విస్తరిని నా పక్క నుంచి కొంచెం అవతలికి జరుపుకున్నాడు.

జరుపుకోనీ.